1967 కమారోకు కార్వెట్ కాలిపర్లు: ఏం కలిసొచ్చింది, ఏం రాలేదు

ముందే చెప్పేస్తాను. పాత షెవ్రొలే కమారోకు అదే కంపెనీ సీ5 (ఐదో తరం) కార్వెట్ ముందు బ్రేకులు బిగించడం మంచి పని. రేపు ఇంకో పాత కారు కొన్నా నేను మొదట చేసేది ఇదే. అయితే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే భాగం) మార్చిన మాత్రాన కారు ఠక్కున ఆగుతుందని ఆశపడి మాత్రం డబ్బు పెట్టకండి. ఎంత వేడెక్కినా పెడల్ ఒకే చోట అందడం, గట్టిగా తొక్కినా బండి పక్కకు లాగకపోవడం, తడి రోడ్డు మీద మొదటిసారి తొక్కినప్పుడే బ్రేకు పడడం, ఇవీ నాకు దక్కినవి. అవి కూడా మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చేది), బూస్టర్ (కాలి బలాన్ని పెంచేది), వెనక బ్రేకుల వాల్వు మూడూ కుదిరాకే దక్కాయి.

కారు 1967 కమారో, 327 క్యూబిక్ అంగుళాల ఇంజను. నాలుగు చక్రాలకూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములే. ఆ రోజుల్లో ముందు డిస్కులు కావాలంటే అదనంగా డబ్బు కట్టాలి, అందుకే ఎక్కువ కార్లు డ్రమ్ములతోనే బయటికొచ్చాయి. నాలుగు చక్రాలకూ డిస్కులు ఉన్న కమారోలు 1969లో జేఎల్8 అనే ఆప్షన్ కింద వచ్చాయి గానీ అవి 206 మాత్రమే. ఇప్పుడు వాటి బ్రేకు విడిభాగాల ధర వింటేనే గుండె ఝల్లుమంటుంది.

డ్రమ్ములను నేను తిట్టను. బాగా సర్దిన డ్రమ్ము మొదటి బ్రేకుకు అద్భుతంగా పట్టుకుంటుంది. లోపలి షూలలో ఒకటి డ్రమ్ము తిరిగే ఊపుతోనే రెండోదాన్ని నెట్టి పట్టు పెంచుతుంది, కాలు అంత శ్రమపడక్కర్లేదు. చిక్కంతా వేడితోనే. వేడికి డ్రమ్ము ఉబ్బి షూల నుంచి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. డిస్కు వేడికి ఉబ్బితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. రెంటికీ అసలు తేడా ఇదే.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది కొలరాడోలో, పైక్స్ పీక్ దిగుతున్నప్పుడు. ఆ కొండ ఎత్తు 14,115 అడుగులు. దిగేటప్పుడు గ్లెన్ కోవ్ దగ్గర రేంజర్లు కార్లు ఆపి బ్రేకుల వేడి కొలుస్తారు. డ్రమ్ములున్న రోజుల్లో నన్ను పక్కన పెట్టి చల్లారేదాకా ఆగమన్నారు. గేరు తగ్గించే దిగాను, అయినా. ఇంటికొచ్చి లెక్క వేశాను. మనుషులతో కలిపి కారు 1,500 కిలోలు అనుకుంటే, గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 540 కిలోజౌళ్లు. శిఖరం నుంచి గ్లెన్ కోవ్ దాకా 800 మీటర్ల పైచిలుకు దిగుడు. ఆ దిగుడు ఇచ్చే శక్తి దాదాపు 12 మెగాజౌళ్లు. అంటే 60 నుంచి ఇరవై రెండు సార్లు పూర్తిగా ఆపినంత. ఇంజను, గాలి అందులో కొంత పంచుకుంటాయి, మిగిలినదంతా నాలుగు ఇనప గిన్నెల్లోకే పోవాలి. డిస్కులు పెట్టాలని ఆ లెక్క చూశాకే నిశ్చయించుకున్నాను.

సీ5 కార్వెట్టే ఎందుకంటే, 1997 నుంచి 2004 దాకా వచ్చిన ఆ కారు బ్రేకులు పాత జీఎం (షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్) కార్లకు విచిత్రంగా సరిపోతాయి. కార్వెట్‌కూ కమారోకూ చక్రం బోల్టుల కొలత ఒకటే: ఐదు బోల్టులు, 4.75 అంగుళాల వృత్తం. రోటర్‌కు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కు పళ్లానికి, కొత్తగా బెజ్జాలు వేయక్కర్లేదు. ముందు రోటర్ వ్యాసం 12.8 అంగుళాలు, మందం 32 మిల్లీమీటర్లు, మధ్యలో గాలి తిరిగే దారులు ఉంటాయి. కాలిపర్ పీబీఆర్ అనే బ్రేకుల కంపెనీది, అల్యూమినియం, రెండు పిస్టన్లు. నాకు అన్నిటికంటే నచ్చింది దొరికే తీరు. రోటర్లు, ప్యాడ్లు, రబ్బరు సీళ్లు ఏ విడిభాగాల దుకాణంలోనైనా మామూలు ధరకే దొరుకుతాయి. ఊరు కాని ఊళ్లో ప్యాడ్లు అరిగితే రేసింగ్ కంపెనీకి ఫోన్ చేసి వారం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇక చాలామంది పొరబడే చోటుకు వస్తాను. పెద్ద కాలిపర్ అంటే ఎక్కువ పట్టు అనుకుంటారు. కొలిచి చూడండి. 1969 కమారోలో వచ్చిన ఒంటి పిస్టన్ ఇనప కాలిపర్ చూడటానికి ముతకగా ఉంటుంది, కానీ దాని పిస్టన్ వ్యాసం 2.94 అంగుళాలు, వైశాల్యం 6.8 చదరపు అంగుళాలు. కార్వెట్ కాలిపర్‌లో పిస్టన్లు రెండున్నా ఒక్కోటి 40.5 మిల్లీమీటర్లే. రెండూ కలిపితే 4 చదరపు అంగుళాలు. రోటర్ పెద్దది కాబట్టి ప్యాడ్ చక్రం మధ్య నుంచి ఇంకొంచెం దూరంగా పట్టుకుంటుంది, ఆ లాభం ఉంది. అది కలిపినా, ఒకే రకం ప్యాడ్‌తో, ఒకే ఒత్తిడికి, కార్వెట్ బ్రేకు పట్టు పాత 11 అంగుళాల డిస్కు కంటే సుమారు 30 శాతం తక్కువని నా లెక్కలో తేలింది.

కార్వెట్ ఇంజనీర్లు తక్కువ తిన్నారని కాదు. వాళ్ల కారులో ఆ కాలిపర్‌కు తగ్గ బూస్టరు, మాస్టర్ సిలిండరు ఉన్నాయి. మనం అందులోంచి కాలిపర్ ఒక్కటే ఊడదీసి తెచ్చుకుంటున్నాం. మిగతాది మనమే కూర్చాలి.

మా స్నేహితుడి షెవెల్‌లో (అదీ పాత షెవ్రొలే కారే) ఈ సంగతి నేను కాలితోనే చూశాను. ఇవే కార్వెట్ కాలిపర్లు, బూస్టర్ లేదు, 1.125 అంగుళాల మాస్టర్ సిలిండర్. గోడను తొక్కినట్టు ఉంది. లెక్క చూడండి. బూస్టర్ లేని పెడల్ కాలి బలాన్ని సుమారు ఆరింతలు చేస్తుంది. వంద పౌన్ల బలంతో తొక్కితే మాస్టర్ సిలిండర్ మీద 600 పౌన్లు పడతాయి. సిలిండర్ 1.125 అంగుళాలైతే ఒత్తిడి చదరపు అంగుళానికి 600 పౌన్లు, అంటే 600 పీఎస్‌ఐ దగ్గర ఆగుతుంది. ఒక అంగుళమైతే 760 దాటుతుంది. 7/8 అంగుళమైతే దాదాపు వెయ్యి. సిలిండర్ సన్నబడేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, బదులుగా పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. ఆ స్నేహితుడు కాలిపర్లే నాసిరకం అనుకుని అమ్మేయబోయాడు. సన్నటి సిలిండర్ వేశాక అదే కారు మర్యాదగా ఆగుతోంది.

మా ఆవిడ కూడా ఈ కారు నడుపుతుంది. వంద పౌన్ల కాలి బలం అడిగే బ్రేకు మా ఇంట్లో పనికిరాదు. అందుకే రెండు డయాఫ్రమ్‌ల ఎనిమిది అంగుళాల వాక్యూమ్ బూస్టర్, ఒక అంగుళం మాస్టర్ సిలిండర్ పెట్టాను. బూస్టర్ పనిచేసేది ఇంజను పీల్చే వాక్యూమ్ తోనే. మా 327లో క్యామ్ షాఫ్టు (ఇంజను వాల్వులను తెరిచే కడ్డీ) మామూలుదే, ఐడిలింగ్‌లో వాక్యూమ్ పుష్కలంగా ఉంటుంది. గడగడలాడే పెద్ద క్యామ్ వేసుకున్నవాళ్లకు ఆ వాక్యూమ్ దొరకదు, వాళ్లు ముందు గేజి పెట్టి చూసుకోవాలి. ఇంకో చిన్న విషయం: ఈ కార్ల పెడల్‌కు పుష్‌రాడ్ తగిలించే బెజ్జాలు రెండుంటాయి. పైది బూస్టర్ లేనివాటికి, కిందిది బూస్టర్ ఉన్నవాటికి. బూస్టర్ పెట్టి పై బెజ్జంలోనే వదిలేస్తే పెడల్ అతిగా దిగుతుంది, పుష్‌రాడ్ కూడా వంకరగా నెడుతుంది.

ఇక కిట్ సంగతి. నేను కొన్నది ముందు చక్రాన్ని మోసే ఇరుసు ముక్క, అంటే డ్రమ్ము స్పిండిల్‌కు నేరుగా బిగించే రకం. ఉక్కు బ్రాకెట్లు రెండు, అల్యూమినియం హబ్‌లు, బేరింగులు, గ్రీజు సీళ్లు, స్టీలు అల్లిక గొట్టాలు, బోల్టులు వచ్చాయి. కాలిపర్లు, రోటర్లు, ప్యాడ్లు మనం విడిగా తెచ్చుకోవాలి. రీబిల్ట్ కాలిపర్లు తీసుకునేవాళ్లు ఒకటి అడిగి తీసుకోండి: ప్యాడ్లు కూర్చునే కార్వెట్ బ్రాకెట్‌తో కలిపి ఇస్తున్నారా, ఒట్టి కాలిపరేనా? చాలాచోట్ల ఒట్టిదే ఇస్తారు. ఆ బ్రాకెట్ లేకపోతే ఇంట్లో పని ముందుకు కదలదు.

బ్రాకెట్ల తయారీ చక్కగా ఉంది. అంచులు నున్నగా ఉన్నాయి, బెజ్జాలు స్పిండిల్‌కు అచ్చంగా కూర్చున్నాయి. హబ్‌లో బేరింగు గిన్నెలు ముందే దిగ్గొట్టి వచ్చాయి. నచ్చనివి రెండు. ఒకటి, స్పిండిల్‌కు ఆనుకునే ముఖం మీద కూడా పౌడర్ కోటింగ్ వేశారు. పెయింటు పొర మీద బిగించిన బోల్టు, ఆ పొర నలిగిన కొద్దీ వదులవుతుంది. బ్రేకు బ్రాకెట్ విషయంలో అలాంటిది ఒప్పుకోను. ఆ ముఖాలు రెండూ గీకి లోహం కనిపించేదాకా శుభ్రం చేశాకే బిగించాను. రెండోది, సూచనల కాగితం. ఒక్క పేజీ, నాలుగు మసక ఫొటోలు, టార్క్ (బోల్టు ఎంత బిగించాలో చెప్పే) అంకెలు సగమే. ప్రాణాల మీదికి వచ్చే భాగం అమ్మేవాళ్లు ఇంత పొదుపు చేయకూడదు. కార్వెట్ వైపు బోల్టులకు కార్వెట్ సర్వీస్ మాన్యువల్, స్పిండిల్ వైపు వాటికి షెవ్రొలే మాన్యువల్ దగ్గర పెట్టుకోండి.

బిగింపులో చూడాల్సిన మొదటి చోటు స్టీరింగ్ ఆర్మ్. కింది రెండు బోల్టులు స్టీరింగ్ ఆర్మ్, స్పిండిల్, పాత డ్రమ్ము పలక మూడింటినీ కలిపి పట్టుకుంటాయి. పలక స్థానంలో బ్రాకెట్ వచ్చినప్పుడు మందం మారుతుంది, బోల్టు పొడవూ మారాలి. మర మొత్తం పట్టి, నట్టు అవతల రెండు చుట్లైనా బయటికి కనిపించాలి. కిట్‌లో వచ్చిన బోల్టులు నాకు సరిపోయాయి. తల మీద గ్రేడు గుర్తులేని బోల్టు వస్తే అది ఎంత కొత్తగా మెరుస్తున్నా పక్కన పడేయండి.

బేరింగు బిగింపు పాత పద్ధతే. హబ్ తిప్పుతూ నట్టును మెల్లగా 12 అడుగు పౌన్ల దాకా బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతో బిగించి పిన్ను వేయాలి. అర వెంట్రుక వాసి ఆట ఉండాలి. కొత్త హబ్ కదా అని గట్టిగా బిగిస్తే బేరింగు కాలిపోతుంది.

తర్వాత రోటర్ హబ్ మీద కూర్చోబెట్టి, చక్రం నట్లతోనే బిగించి, డయల్ గేజితో ఊగిసలాట చూశాను. అంగుళంలో వెయ్యో వంతులు రెండు మూడు దాటకూడదు. ఎక్కువ చూపిస్తే రోటర్‌ను ఒక బోల్టు జరిపి మళ్లీ పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడే తీరిపోతుంది. బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ వణుకుతోందని తర్వాత బాధపడేవాళ్లలో చాలామంది ఈ గేజి పట్టనివాళ్లే.

కాలిపర్‌కు కుడి ఎడమలు ఉంటాయి. గాలి తీసే స్క్రూ పైకి ఉండాలి. కుడిది ఎడమకు పెడితే అది కిందికి వస్తుంది, పైన చిక్కిన గాలి ఎంత ఆయిల్ పోసినా పోదు. గొట్టం తగిలించే బోల్టుకు రెండువైపులా కొత్త రాగి వాషర్లు వేయండి. కాలిపర్ అల్యూమినియం కాబట్టి అక్కడ బలం చూపించకూడదు, మర తెగిపోతుంది. గొట్టాలు బిగించాక స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి, చక్రం వేలాడినప్పుడూ, జాకీతో పైకి లేపినప్పుడూ గొట్టం లాగుతోందా, దేనికైనా రాసుకుంటోందా చూడాలి. నాకు కుడివైపు గొట్టం ఫ్రేముకు ఆనుతుంటే క్లిప్పు పట్టీ తిప్పి పెట్టాను.

పాత డ్రమ్ము మాస్టర్ సిలిండర్‌ను అలాగే వాడుకుందామనే ఆలోచన వద్దు. 1967 మోడల్ కాబట్టి రెండు గదులది ఫ్యాక్టరీ నుంచే ఉంది, అంతవరకు నయం. కానీ డ్రమ్ముల కోసం లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వులు దాని లోపల ఉంటాయి. డిస్కుకు అదే ఒత్తిడి తగిలితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కుతాయి. పైగా డిస్కు ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్‌లోకి ఆయిల్ ఎక్కువ దిగుతుంది, డ్రమ్ముల గది అంత పెద్దది కాదు. డిస్కు, డ్రమ్ము కలిసిన కారుకు తయారైన సిలిండరే కొనండి.

వెనక డ్రమ్ములు అలాగే ఉంచాను. కారణం హ్యాండ్ బ్రేకు. అది పాత తీగెతో చక్కగా పనిచేస్తోంది, దాన్ని కదిలించడం ఇష్టం లేదు. వెనక లైనులో తిప్పి సర్దుకునే వాల్వు పెట్టాను. ఖాళీగా ఉన్న పెద్ద చదును స్థలంలో, మెల్లటి వేగంతో మొదలుపెట్టి గట్టిగా తొక్కుతూ, ముందు చక్రాలు వెనకవాటి కంటే ముందే బిగుసుకునేలా సర్దాను. వెనకవి ముందు బిగిస్తే కారు గిర్రున తిరుగుతుంది. ఈ ఒక్క వాల్వు సర్దకుండా రోడ్డెక్కకండి, మిగతా పనంతా ఎంత బాగా చేసినా సరే.

గాలి తీయడం ఇద్దరి పని. మా బావమరిది సీట్లో కూర్చున్నాడు, నేను చక్రం దగ్గర. "తొక్కు" అంటే "తొక్కా బావా", "పట్టుకో" అంటే "పట్టుకున్నా బావా" అని ప్రతిసారీ పైకి చెప్పించాను. స్క్రూ బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది కాబట్టి ఈ మాటలు నోటితో చెప్పుకోవడమే మేలు. దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి ఎడమ ముందు చక్రంతో ముగించాం. బ్రేకు ఆయిల్ డాట్ 4 రకం వాడాను. కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్, డాట్ 3కి 205. చెమ్మ పీల్చాక అదే డాట్ 4 కనీస హద్దు 155కు పడిపోతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం గ్యారేజీలో నిద్రపోయే కార్లకు ఆయిల్ మార్చడం అందుకే ముఖ్యం.

ప్యాడ్లు కొత్తవి కాబట్టి, 60 నుంచి 10 మైళ్లకు, పూర్తిగా ఆపకుండా, వరసగా కొన్నిసార్లు బ్రేకు వేసి, తర్వాత బ్రేకు ముట్టకుండా చాలాసేపు నడిపి చల్లార్చాను. వేడి రోటర్ మీద ప్యాడ్ నొక్కి ఉంచి ఆపేస్తే ఆ చోట ప్యాడ్ పొర అంటుకుని తర్వాత వణుకు వస్తుంది.

ఇప్పుడు నడపడం ఎలా ఉందంటే, పెడల్ ఒక అంగుళంన్నర దిగేసరికి పట్టు మొదలవుతుంది, అక్కడి నుంచి కాలు ఎంత అడిగితే అంత ఇస్తుంది. డ్రమ్ముల రోజుల్లో వానలో మొదటి బ్రేకుకు కారు ఎటు లాగుతుందో తెలిసేది కాదు, రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగిసి ఉండేవి. ఆ భయం పోయింది. ఖాళీ రోడ్డు మీద ఒకే ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆగే దూరంలో పెద్ద తేడా కనిపించలేదు. డ్రమ్ములు కూడా చక్రాలను బిగించగలిగేవే, ఆ తర్వాత ఎంత దూరంలో ఆగాలో తేల్చేది టైరు. వరసగా తొక్కుతూ పోతే మాత్రం పోలికే లేదు. పైక్స్ పీక్ మళ్లీ దిగాను, అదే గేరులో. గ్లెన్ కోవ్ దగ్గర కొలిచి చూసి, పొమ్మని చెయ్యి ఊపారు. మా ఆవిడ ఆ రోజు పక్క సీట్లో నిద్రపోయింది. ఈ కారులో కొండ దిగుతుంటే ఆమె నిద్రపోవడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు, నాకు అంతకంటే మంచి కితాబు అక్కర్లేదు.

ఆరు పిస్టన్ల కాలిపర్లు, ముఖ్యంగా 2006 నుంచి వచ్చిన సీ6 (ఆరో తరం) కార్వెట్ జెడ్06వి, ఎందుకు పెట్టలేదని అడుగుతున్నారు. వాటి ముందు రోటర్లు 14 అంగుళాలు, 18 అంగుళాల చక్రాలు కావాలి. ట్రాక్ మీద గంటల తరబడి తిప్పేవాళ్లకు అవి సరైనవి, కొండ దారికి ఇవే ఎక్కువ. ఇంకో కారణం ఉంది. అవి కదలని కాలిపర్లు. చక్రం కొంచెం అటూ ఇటూ ఆడినా రోటర్ పిస్టన్లను లోపలికి నెట్టేస్తుంది, తర్వాతి బ్రేకుకు పెడల్ ఖాళీగా దిగుతుంది. సీ5 కాలిపర్ పిన్నుల మీద జరుగుతుంది కాబట్టి ఆ ఆటను తనే సర్దుకుంటుంది. వెనక కూడా డిస్కులు పెట్టాలనుకునేవాళ్లు దీన్ని ఇంకా బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ కార్ల వెనక ఇరుసులు లోపల సీ ఆకారపు క్లిప్పుతో నిలిచేవి, వాటికి అటూ ఇటూ ఆట పుట్టుకతోనే ఉంటుంది. అక్కడ జరిగే కాలిపరే మంచిది. ఆ జరిగే పిన్నులకు మాత్రం సిలికాన్ గ్రీజు ఎప్పటికప్పుడు రాస్తూ ఉండాలి, ఎండితే ఒక ప్యాడ్ అరిగి రెండోది కొత్తగా మిగులుతుంది.

ఈ కిట్ ఎవరికి వద్దు? 14 అంగుళాల పాత ర్యాలీ చక్రాలతో, ఫ్యాక్టరీ రూపంలోనే కారు కనిపించాలని కోరుకునేవాళ్లకు వద్దు. 12.8 అంగుళాల రోటర్ మీద కాలిపర్ కూడా చేరాక కనీసం 17 అంగుళాల చక్రం కావాలి. అందులోనూ అన్నీ పట్టవు, ఆకుల వంపు కాలిపర్‌కు తగలవచ్చు. కొనకముందు కాలిపర్ ఆకారంలో అట్ట కత్తిరించి చక్రం లోపల తిప్పి చూడండి. కొత్త హబ్ వల్ల చక్రం కాస్త బయటికి కూడా జరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఫెండర్ అంచుకు తగులుతుందేమో చూసుకోవాలి. పాత చక్రాల మీద మమకారం ఉన్నవాళ్లు 1969 తరహా 11 అంగుళాల ఒంటి పిస్టన్ డిస్కులు పెట్టుకోవచ్చు. పైన లెక్క చూశారుగా, పట్టులో అవి ఏమీ తీసిపోవు, వేడి దగ్గరే ముందు అలసిపోతాయి.

కొత్త హబ్ స్టడ్లు అర అంగుళంవి, వెనక ఇరుసువి పాత 7/16 అంగుళంవి. కాబట్టి నట్లు ముందువీ వెనకవీ కలవవు, డిక్కీలో రెండు రకాలూ ఉంచాను. పాత 14 అంగుళాల స్పేర్ చక్రం ముందు కాలిపర్ మీద ఎక్కదు. దాన్ని తీసేసి 17 అంగుళాలది ఒకటి పెట్టాను. డిక్కీలో నిలబడి సరిపోలేదు, పడుకోబెడితే పట్టింది.